పెరట్లో ఆరు గుంజలు

బొగ్గు బావిలో నాది దుంగలు నిలబెట్టే పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద టేకు దుంగ నిలబెట్టి, దాని నెత్తిన చెక్కముక్క దూర్చి, సుత్తెతో కొట్టి బిగించాలి. ఆ పైకప్పును మేము రూఫు అనేవాళ్లం. ఎనిమిదేళ్లలో నేను నిలబెట్టిన దుంగ ఒక్కటి కూడా ఒరగలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాణ్ని, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని. నా కాలు విరిగింది కూడా దుంగ కూలి కాదు, పట్టాలు తప్పిన బొగ్గు టబ్బు మీదికి వచ్చి. ఆసుపత్రిలో తెలివి రాగానే నేను అన్న మొదటి మాట అదేనట. తొడ ఎముక రెండు ముక్కలై పడి ఉంటే, నా దుంగలకు ఎక్కడ మాట వస్తుందోనని నా తాపత్రయం.

ఇది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఆదిలాబాద్ జిల్లా బొగ్గు బావుల దగ్గర జరిగింది. నేను పెద్దపల్లి పక్క పల్లె నుంచి గుంట భూమి కూడా లేక బావి పనికి వచ్చినవాణ్ని. నా భార్యది ఉత్తరాన, తెలుగుతో పాటు మరాఠీ కూడా వినిపించే పత్తి పొలాల ఊరు. పెళ్లై మూడేళ్లయింది, పిల్లలు ఇంకా లేరు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరు, వెనక కాస్త పెరడు, ఆ పెరట్లో ఆమె వేసిన బీర పాదు, నాలుగు మిరప మొక్కలు. అదే మా సంసారం.

చలికాలంలో విరిగిన కాలికి పిండికట్టు విప్పేసరికి ఎండలు ముదిరాయి. కట్టు లోపల నుంచి బయటపడ్డది నా కాలేనా అనిపించింది. ఎండిన జొన్న దంటులా ఉంది. దాని మీద నిలబడబోతే మోకాలు నా మాట వినలేదు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. దసరా దాటాక మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఆ రోజు చేతికర్ర లేకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి, కింద కూర్చుని లేవాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు, నెల తిరగకుండా క్వార్టరు ఖాళీ చేయాలి. అప్పుడు మాకున్న దిక్కు ఒకటే, అత్తవారి ఊరు. మామ మంచివాడే, పెట్టనని అనడు. కానీ చేతులు బాగుండి మామ పెట్టింది తింటూ కూర్చోవడం నా వల్ల కాదు. ఎట్లా అయినా సరే బోర్డు ముందు నడవాలని ఆ మంచం మీదే ఒట్టు పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో నడక నేర్పడానికి రెండు ఇనుప కడ్డీలు ఉండేవి. నడుము ఎత్తున, జోడుగా, అటూ ఇటూ. వాటి నడుమ నిలబడి, రెండు చేతులా బరువు మోపి, ఒక్కో అడుగు వేయాలి. కాంపౌండరు దగ్గరుండి వారం రోజులు నడిపించాడు. రోజూ రెండు పూటలా చేస్తేనే కాలికి కండ పడుతుందన్నాడు. మా ఇంటి నుంచి ఆసుపత్రి మూడు మైళ్లు. రోజూ బండి కట్టుకుని పోవడం అయ్యే పని కాదు. అలాంటి కడ్డీలు నా పెరట్లోనే పెట్టుకుంటానని చెప్పాను. జాగ్రత్తగా పాతుకో, పడితే ఈసారి ఎముక అతకదు అన్నాడాయన. దుంగల సంగతి నాకా చెప్తున్నాడు అని నవ్వుకున్నాను.

ఇంటికి రాగానే పని మొదలుపెట్టాం. పెట్టాం అంటే నేను మంచం మీద కూర్చుని చెప్పాను, ఆమె చేసింది. నాలుగు టేకు గుంజలు, అటు రెండు, ఇటు రెండు. వాటి మీద కడ్డీలకు బదులు నున్నటి బొంగులు రెండు. ప్రతి గుంజకూ జానెడు గుంత తీయించి, అడుగున చదునైన రాయి పరిపించాను. బావిలో దుంగ కింద గట్టి నేల ఉండాలి, అంతే. గుంజను రాయి మీద నిలబెట్టి, చుట్టూ చెక్క చీలికలు నేనే పాక్కుంటూ పోయి సుత్తెతో దిగ్గొట్టాను. తీసిన మట్టినే మళ్లీ కప్పి తొక్కించాను. నడి ఎండాకాలం, ఆ నల్లరేగడి రాయిలా ఉంది. జానెడు లోతు సరిపోదేమోనని ఆమె ఒకసారి అంది. నాకు ముక్కు మీదే కోపం.

“ఎనిమిదేండ్ల సంది దుంగలు నిలబెడుతున్న. నాకు నేర్పుతవా?” అన్నాను.

ఆమె మళ్లీ మట్టి తొక్కసాగింది. నేను ఒక్కో గుంజను సుత్తెతో తట్టి, చెవి పెట్టి విన్నాను. బావిలో దుంగ బరువు పట్టిందీ లేనిదీ చప్పుడుతోనే చెప్పేస్తాం. నాలుగూ ఖంగుమన్నాయి. నా అంతటివాడు లేడనుకున్నాను.

నిజం చెప్పాలంటే పదిహేను రోజులు బాగానే నడిచింది. మొదటి రోజు మూడడుగులు, తర్వాత అయిదు, తర్వాత బొంగు చివరిదాకా. ఆమె నా ఎదురుగా వెనక్కి నడుస్తూ ఉండేది, పడితే పట్టుకోవడానికి. నువ్వు నన్ను పట్టుకునేదీ లేదు, నేను పడేదీ లేదు అని పరాచికాలాడేవాణ్ని.

మృగశిర కార్తె మొదలై, మిరుగం వాన రెండు రోజులు వదలకుండా కొట్టింది. మూడో రోజు తెరిపి ఇవ్వగానే నడుస్తానన్నాను. నేల మెత్తగా ఉంది, ఒక్క రోజు ఆగమంది. బోర్డు వాళ్లు వాన పడిందని ఆగుతారా అని కసిరి దిగాను. నాలుగో అడుగులో ఎడమ చేతి మీద బరువు మోపాను. గుంజ చప్పుడు చేయలేదు, విరగలేదు, నిమ్మళంగా పక్కకు ఒరిగింది. దానితో పాటు బొంగు, బొంగుతో పాటు నేను. ఊడిన బొంగు చివర వెళ్లి ఆమె భుజానికి తగిలింది. ఇద్దరం బురదలో పడ్డాం. నా చేతిలో సగం ఊడిన గుంజ, దాని మొదట్లో నా చెక్క చీలికలు తేలుతున్నాయి.

ఎముక విరగలేదు. కానీ తొడ బుంగలా వాచింది. డాక్టరు వచ్చి చూసి, మూడు వారాలు కాలు కింద పెడితే ఊరుకోనన్నాడు. సంపాదించుకున్న అడుగులన్నీ పోయాయి. ఆమె భుజం నీలంగా కమిలి, వారం రోజులు చెయ్యి పైకెత్తలేక బిందె నడుమున పెట్టుకోవడానికి అవస్థ పడింది. నేను సిగ్గుపడాల్సింది పోయి వానను తిట్టాను. టేకు పచ్చిదన్నాను. చివరికి మట్టి సరిగ్గా తొక్కలేదని ఆమెనే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆమె భుజానికి పసుపు రాసుకుంటూ విన్నది. విని, గొంతు పెంచకుండానే అంది.

“గిది బాయి గాదు. బాయిల అయితే మీద గుట్టంత బరువు నీ దుంగను ఒత్తి పట్టుకుంటది, యాడికి పోతది? గీడ మీద మొగులే ఉన్నది. మొగులు ఏం ఒత్తుతది?”

 ఎనిమిదేళ్లు దుంగలు నిలబెట్టినవాణ్ని, వాటిని నిలబెట్టింది నేనొక్కణ్నే అనుకున్నాను. పైనున్న కొండ వాటిని నేలకు అదిమి పడుతోందని ఒక్కనాడూ తోచలేదు. నేను దుంగకు నేర్పింది పై నుంచి వచ్చే బరువును మోయడం. మీద ఆకాశం తప్ప ఏమీ లేని పెరట్లో గుంజకు కావలసింది పక్కకు లాగినా కదలకపోవడం. ఆ రెండూ ఒకటి కాదని బొంగు దెబ్బ తిన్న మనిషి చెప్తే తప్ప తెలియలేదు.

అయితే ఎట్లా పాతాలి అని అడిగాను. పని గురించి నేను ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు.

వాళ్ల ఊళ్లో నేలంతా నల్లరేగడే. అది ఎండకు నెర్రెలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. అందులో పాతిన గుంజను ఆ నేలే వదులు చేసి బయటకు తోసేస్తుంది. జొన్న చేలో మంచె పాతినా, కొట్టం ముందు ఎద్దుల గుంజ పాతినా, ఆ నల్లమట్టిని దాటి కిందికి పోవాలి. అడుగున మొరం, అంటే గట్టి గరుసు నేల, తగిలిందాకా తవ్వాలి. ఆమె చెప్పినంతసేపూ నేను మధ్యలో అడ్డం రాలేదు. మా సంసారంలో అదొక వింత.

భుజం కాస్త స్వాధీనంలోకి రాగానే గడ్డపార పట్టింది. నేను మంచం మీద కూర్చుని చూశాను. ఈసారి ఆరు గుంజలు, అటు మూడు, ఇటు మూడు. మూర లోతున ఇంకా నల్లమట్టే. రెండు మూరలకూ అదే. రెండున్నర మూరల లోతులో గడ్డపార గరగరమంది. మొరం. అక్కడితో ఆగుతుందనుకున్నాను, ఆ మొరంలోకి ఇంకో జానెడు దిగింది. తీసిన నల్లమట్టిని గుంత దగ్గర ఉండనివ్వకుండా తట్టల కొద్దీ తీసుకెళ్లి బీర పాదుకు పోసింది. ఆ మట్టి మళ్లీ గుంతలోకి పోతే అదే మళ్లీ ఉబ్బుతుందట.

పాత గుంజలు చాలవు, పొడుగువి కావాలి. బావికి దుంగలు పంపే టింబర్ యార్డు వాళ్లకు కబురు పెట్టి, పనికిరాని దుంగలు ఆరు ఇప్పించుకున్నాను. వాటి మొదళ్లను ఆమె బొగ్గు పొయ్యి మీద తిప్పుతూ పైపైన నల్లగా కాల్చింది, ఆరాక డాంబరు పూసింది, చెద పట్టకుండా. ప్రతి గుంజ మొదలుకూ అడుగున ఒక అడ్డకర్ర బిగించమని నాకు చెప్పింది. పైకి లాగితే ఆ అడ్డకర్ర మొరం కింద పట్టుకుంటుంది. కూర్చుని చేసే పని గనక అది నేను చేశాను. ఆరు అడ్డకర్రలు. అంత శ్రద్ధగా నేను బావిలో కూడా చేసి ఉండను.

రోడ్డు పక్క తవ్వకాల్లోంచి మొరం మోసుకొచ్చింది. బెత్తెడు మందాన పోసి, చెంబుతో నీళ్లు చిలకరించి, పాత రోకలితో దంచింది. మళ్లీ బెత్తెడు, మళ్లీ దంచుడు. నేను మంచం మీద నుంచి తాడుకు రాయి కట్టి గుంజ నిలువు చూసేవాణ్ని. పైన మట్టిని గుంజ చుట్టూ కాస్త ఎత్తుగా పోసి, నీళ్లు నిలవకుండా వాలు తీసింది. ఆరు గుంజలకు ఎనిమిది రోజులు పట్టింది. చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లు ఇల్లు కడుతున్నారా అని అడిగారు.

గుంజలు నిలిచిన మర్నాడే నడుస్తానని లేచాను. కుదరదంది. పది రోజులు వాన పడాలి, ఎండ కాయాలి, మొరం కుదురుకోవాలి. నాకు మండిపోయింది. బోర్డుకు మూడు నెలలు కూడా లేవు. అయినా నోరు మూసుకున్నాను. నోరు తెరిస్తే ఆమె భుజం కనిపించేది.

పదకొండో రోజు పొద్దున బండివాడి దగ్గర నుంచి ఒక ఎద్దును తోలుకొచ్చింది. ఇంకా సరిగ్గా కాడికి అలవాటుపడని పొగరుబోతు. దాన్ని మూల గుంజకు కట్టి, ఎదురుగా అందకుండా గడ్డి వేసింది. వాళ్ల ఊళ్లో గుంజకు పరీక్ష అదేనట. ఎద్దు గుంజింది, తల విదిలించింది, నాలుగు కాళ్లూ తన్ని పెట్టి వెనక్కి లాగింది, ఆమె మిరప మొక్కలన్నీ తొక్కింది. గుంజ కదల్లేదు. మధ్యాహ్నం దాకా ఒక్కో గుంజకు మార్చి మార్చి కట్టింది. ఆరో గుంజ దగ్గరికి వచ్చేసరికి ఎద్దు విసిగిపోయి పడుకుంది. అప్పుడు బొంగులు బిగించి, వాటి కొనలకు పాత చీర గుడ్డలు చుట్టి, నడుమ దారిలో ఇసుక పోసింది, పడినా దెబ్బ తగలకుండా. ఆఖరికి తనే బొంగు పట్టుకుని కాళ్లు పైకి ముడిచి ఊగింది.

“ఇగ రా,” అంది.

ఆ తర్వాత నేను ఒక్క పూట కూడా మానలేదు. వానలోనూ నడిచాను, జ్వరంలోనూ నడిచాను. మొదట చేతుల మీద, తర్వాత సగం చేతుల మీద, తర్వాత బొంగుకు బెత్తెడు పైన చేతులు గాల్లో ఉంచి. కాలు వణికితే బొంగు అందుకునేవాణ్ని, అది నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. పడతానేమోనన్న భయం పోయాక కాలికి ధైర్యం వచ్చింది. ఊళ్లో బతుకమ్మ పాటలు మొదలైన నాటికి ముప్ఫైసార్లు అటూ ఇటూ తిరిగి, బొంగు పట్టుకుని గొంతుక్కూర్చుని లేస్తున్నాను. ఆమె ఎదురుగా నడవడం మానేసి బీరకాయలు కోసుకుంటూ ఉండేది. నన్ను చూడకుండా పని చేసుకుంటోందంటే, నా మీద నమ్మకం కుదిరిందని అర్థం చేసుకున్నాను.

బోర్డు రోజున ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. కర్ర తలుపు దగ్గర పెట్టి నడవమన్నారు. నడిచాను. లేని బొంగుల మీద చేతులు పెట్టినట్టు రెండు చేతులూ కాస్త పక్కలకు చాచి నడిచాను. కూర్చున్నాను, లేచాను. ఆరు నెలలు నేల మీద టింబర్ యార్డులో పని, తర్వాత బావిలోకి అని రాశారు. వాళ్లలో ఒకడైన మా డాక్టరు సంతోషం పట్టలేకపోయాడు. అంత వాపు నుంచి ఇంత తొందరగా ఎట్లా తేరుకున్నావని అడిగాడు. పెరట్లో గుంజలు పాతి నడిచానని చెప్పాను.

“ఎవరు పాతారు?” అన్నాడు.

“నేనే సార్,” అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. ముగ్గురు పెద్దమనుషులు నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు. పది నెలలుగా కుంటివాణ్నని పిలిపించుకున్నవాడికి ఆ చూపు తియ్యగా ఉంది. టింబర్‌మన్ అంటే ఇట్లా ఉండాలని డాక్టరు మిగతావాళ్లతో అన్నాడు. ఇంటికి వచ్చి బోర్డు సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పాను, ఆ ఒక్క మాట తప్ప. ఆమె ఆ రోజు పరమాన్నం వండింది. నేను సగం గిన్నెలోనే వదిలి లేచాను.

పదిహేను రోజుల తర్వాత ఒక మనిషి చంకలో కర్రలతో మా గుమ్మం ముందు బండి దిగాడు. ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డు పల్లె అతనిది. బావిలోనే నడుము దగ్గర దెబ్బ తగిలి, సెలవు మీద సొంత ఊరికి పోతున్నాడు. పోయే ముందు గుంజలు చూసి పొమ్మని డాక్టరు పంపించాడట. ఆమె నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను చెంబు అందుకుంటూ, ఆమె ముందే అన్నాడు.

“డాక్టర్ సాబు చెప్పిండన్నా, గివన్నీ నువ్వే పాతినవట.”

ఆమె నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బింకం పోలేదు. అతన్ని పెరట్లోకి తీసుకుపోయి ఆమె మాటలన్నీ నా మాటలుగా అప్పజెప్పాను. నల్లమట్టి దాటాలి, మొరం తగిలిందాకా తవ్వాలి, బెత్తెడు బెత్తెడు దంచాలి. అతను అన్నీ విని, నెమ్మదిగా అడిగాడు. మా ఇల్లు ఏటి ఒడ్డునే ఉన్నది, ఎంత తవ్వినా ఇసుకే, రెండు మూరలకు నీళ్లూరుతయి, మొరం తగలదు, ఎట్ల అని.

నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పి పంపించవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అతని ముఖం చూశాను. డాక్టరు చెప్పిన మనిషినని నేను ఏం చెప్తే అది చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇసుకలో పాతిన గుంజ ఒరిగితే అతను పడతాడు, అతని పక్కన నిలబడ్డ మనిషీ పడుతుంది. ఈసారి ఎముక అతకదని కాంపౌండరు నాతో అన్న మాట గుర్తుకొచ్చింది. ఇంట్లోకి చూసి ఆమెను పిలిచాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, అతన్ని నాలుగు ప్రశ్నలు అడిగింది. ఇసుక ఎంత సన్నం, ఏరు ఇంటి దాకా వస్తుందా, రాళ్లు దొరుకుతాయా అని. అన్నీ విని చెప్పింది. లోతుకు పోకు, వెడల్పు తియ్యి. గుంజల మొదళ్లన్నింటికీ కింద దుంగలు అడ్డం పొడుగు కట్టి, మంచం కోళ్లకు పట్టెలున్నట్టు ఒక్కటి చెయ్యి. ఆ పట్టెల మీద పెద్ద రాళ్లు నింపి ఇసుక కప్పు.

“బాయిల రూఫు దుంగను ఒత్తి పట్టుకుంటది గదా, గాడ గా రాళ్లే ఒత్తి పట్టుకుంటయి. గా ఉపాయం ఈయన పనిలోదే,” అంది నన్ను చూపించి.

నా పనిలోంచి ఆమె తీసుకున్నదాన్ని నాది అని చెప్పింది. ఆమె పనిని మొత్తం నేను మింగేశాను. ఇక తట్టుకోలేకపోయాను. గీ గుంజలు పాతింది నేను గాదు, గీమెనే, నేను పాతినవి ఒరిగి ఇద్దరం పడ్డం అని ఆ మనిషితో చెప్పేశాను. అతను నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. అతని బండి కదిలిపోయాక ఆమె గుంజకు ఆనుకుని నిలబడింది. ఆ గుంజ ఆమె బరువుకు కదల్లేదు.

“డాక్టర్‌కు గిట్లనే చెప్పినవా?” అంది.

“లే,” అన్నాను.

“అయితే పోయి చెప్పు. ఇప్పుడు నడుస్తవు గదా.”

ఆసుపత్రి మూడు మైళ్లు. చేతికర్రను పెరట్లోనే బొంగుకు తగిలించి బయలుదేరాను.